గీత ఎవరు గీశారు, ఏ పని కోసం గీశారు

(ఒంగోలులో పీజీ, పరిశోధక విద్యార్థులతో మాట్లాడిన మాటలకి రాతరూపం. అక్కడక్కడా కాస్త సర్దాను, మిగతాదంతా మాట్లాడినట్టే ఉంచాను.)

అందరికీ నమస్కారం. ఇక్కడ తెలుగు చదివేవాళ్లు ఉన్నారు, జువాలజీ వాళ్లు ఉన్నారు, ఎకనామిక్స్, సోషల్ వర్క్ వాళ్లు కూడా వచ్చారని చెప్పారు. మీ సబ్జెక్టులు వేరైనా మీ థీసిస్‌లలో ఒక అధ్యాయం మాత్రం అందరికీ ఒకేలా ఉంటుంది. సేకరించినదాన్ని మూడు రకాలుగానో అయిదు రకాలుగానో విడగొట్టి, ఒక పట్టిక వేసి, "పై విధంగా వర్గీకరించడమైనది" అని రాసి ముందుకు వెళ్లిపోతారు. ఆ రకాలు ఎక్కడినుంచి వచ్చాయి, అయిదే ఎందుకయ్యాయి, ఆరు ఎందుకు కాలేదు అని వైవాలో అడిగితే చాలామంది దగ్గర జవాబు ఉండదు. ఈరోజు నేను మాట్లాడేదంతా ఆ ప్రశ్న గురించే.

చీమకుర్తి మనకి దగ్గరే కాబట్టి అక్కడి రాయితో మొదలుపెడదాం. గెలాక్సీ గ్రానైట్ అంటాం, నల్లటి రాయి, లోపల బంగారు రంగు చుక్కలు మెరుస్తుంటాయి, ఇక్కడి క్వారీల నుంచి బ్లాకులు బ్లాకులుగా విదేశాలకి పోతోంది. జియాలజీ చదివినవాళ్లని అడిగితే మాత్రం అది గ్రానైట్ కానే కాదంటారు. వాళ్ల లెక్కలో గ్రానైట్ అనాలంటే, రాయిలో ఉన్న పలుగు, అంటే క్వార్ట్జ్, రెండు రకాల ఫెల్డ్‌స్పార్, ఈ మూడు ఖనిజాలూ కలిపి నూరు అనుకుంటే అందులో పలుగు 20 నుంచి 60 శాతం దాకా ఉండాలి. స్ట్రెకైజన్ అనే శాస్త్రవేత్త పేరుతో ప్రసిద్ధమైన వర్గీకరణ అది. చీమకుర్తి రాయి గాబ్రో అనే వేరే రాతి కోవలోకి వస్తుంది, గాబ్రోలో పలుగు 5 శాతం కూడా ఉండదు, ఆ బంగారు మెరుపు బ్రాంజైట్ అనే ఖనిజానిది. మరి క్వారీ ఆయన మనకి అబద్ధం చెబుతున్నాడా అంటే, లేదు. రాళ్ల వ్యాపారంలో గ్రానైట్ అంటే గట్టిగా ఉండి, నున్నగా పాలిష్ పట్టే రాయి, అంతే. ఇల్లు కట్టుకునేవాళ్లకి వంటగట్టు మీద నిమ్మరసం పడితే మరక పడుతుందా లేదా అన్నది కావాలి, భూగర్భ శాస్త్రజ్ఞుడికి ఆ రాయి భూమి లోపల ఎలాంటి శిలాద్రవం చల్లబడి తయారైందో కావాలి. ఎవరి వర్గీకరణ వాళ్లకి పనికొస్తుంది. ఇబ్బంది ఎక్కడొస్తుందంటే, మీలో ఒకరు ఎగుమతుల పట్టికలోని గ్రానైటునీ, జియాలజీ మ్యాపులోని గ్రానైటునీ ఒకటే అనుకుని రెండింటినీ పక్కపక్కన పెట్టి ఒక సంబంధం కనిపెట్టినప్పుడు. ఇలాంటి సంబంధాలు పేపర్లలో మీరు అనుకునేదానికన్నా చాలా ఎక్కువ.

రొయ్యల చెరువుల దగ్గరా ఇదే. కొనేవాళ్లకి కౌంట్ ముఖ్యం, కిలోకి 30 తూగితే 30 కౌంట్, 100 తూగితే 100 కౌంట్, రేటంతా దాని మీదే. శాస్త్రజ్ఞులేమో మన వనామీని పీనియస్ ప్రజాతిలో ఉంచారు, 1997లో తీసి లిటోపీనియస్ అన్న కొత్త ప్రజాతిలో పెట్టారు, తర్వాత డీఎన్ఏ చూసి మళ్లీ పీనియస్ అనడమే సరి అన్నారు. చెరువులో రొయ్య మారలేదు. వాళ్ల ప్రశ్న "ఇవన్నీ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చాయా" అన్నది, దానికి దొరికిన సాక్ష్యం మారింది, అందుకని పేరు మారింది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలనుకుంటున్నాను, నా అభిప్రాయంలో ఈ విషయానికంతటికీ ఇదే కీలకం. మనం "రకాలు" అని రాసేటప్పుడు నిజానికి మూడు వేర్వేరు పనులు చేస్తుంటాం. పుట్టుకని బట్టి కలపడం ఒకటి, పోలికని బట్టి కలపడం ఒకటి, ఏదో ఒక కొలత మీద ఇక్కడికి ఇటు, అక్కడికి అటు అని గీత గీయడం ఇంకొకటి. మూడింటికీ పట్టిక ఒకేలా ఉంటుంది కాబట్టి చదివేవాళ్లకి తేడా తెలియదు, చాలాసార్లు రాసేవాళ్లకీ తెలియదు. మీరు చేసింది ఈ మూడింటిలో ఏదో రాయకపోతే మీ పట్టిక నుంచి ఏ ముగింపుకి రావచ్చో, దేనికి రాకూడదో ఎవరూ చెప్పలేరు.

నెల్లూరు గొర్రెనే తీసుకోండి, దేశంలో అన్నిటికన్నా ఎత్తయిన గొర్రె జాతి అని పుస్తకాల్లో ఉంటుంది. అందులో మూడు రకాలు చెబుతారు. ఒళ్లంతా తెల్లగా ఉన్నది, లేదా తలా మెడా దగ్గర లేత గోధుమ మచ్చలున్నది పల్ల. తెల్లటి ఒంటి మీద పెదాల చుట్టూ, కళ్ల చుట్టూ, కింది దవడ మీద, పొట్టా కాళ్ల మీద నల్లగా ఉంటే జోడిపి. ఒళ్లంతా గోధుమరంగైతే దొర. జువాలజీ వాళ్లు ఒక్కసారి ఆలోచించండి, నెల్లూరు గొర్రె అని జాతిని విడగొట్టడానికి పుట్టుక ఆధారం, ఆ జాతి లోపల మూడు రకాలని విడగొట్టడానికి ఒంటి రంగు ఆధారం. ఒకే వాక్యంలో రెండు వేరు వేరు ఆధారాలు ఉన్నాయి. మందలో ఏ గొర్రె ఎవరిదో దూరం నుంచే గుర్తుపట్టాలంటే రంగు చాలా అక్కరకొస్తుంది. అదే పట్టుకుని పల్లకీ దొరకీ మాంసం దిగుబడిలో తేడా ఉంటుందని ముందే అనుకుని లెక్కలు మొదలుపెడితే మాత్రం తప్పు, అది విడిగా రుజువు చేయాల్సిన సంగతి.

వడ్లలో ఇది ఇంకా ముదురుతుంది. జపాన్‌లో కాటో అనే ఆయన 1928లో సాగు వరిని ఇండికా, జపానికా అని రెండుగా విడగొట్టారు. ఆ తర్వాత 2005లో డీఎన్ఏ గుర్తుల ఆధారంగా అయిదు గుంపులు తేల్చారు, అందులో బాస్మతి ఉండే సువాసన గుంపు ఇండికాకన్నా జపానికాకి దగ్గరని తేలింది. పొడవుగా సన్నగా ఉండే బాస్మతికీ, పొట్టిగా గుండ్రంగా ఉండే జపాన్ బియ్యానికీ దగ్గర చుట్టరికం ఉందని గింజ చూసి ఎవరైనా అనగలరా? ఇక మన మిల్లుల లెక్క వేరు. గింజ పొడవు 6 మిల్లీమీటర్లు, ఆపైన ఉండి పొడవు వెడల్పుకి 3 రెట్లో అంతకన్నా ఎక్కువో ఉంటే పొడవు సన్నం, 6 మిల్లీమీటర్లలోపు ఉండి నిష్పత్తి రెండున్నర నుంచి 3 మధ్య ఉంటే మధ్యస్థ సన్నం, ఇలా అయిదు తరగతులు. బీపీటీ 5204, అదే మన సాంబ మసూరి, మధ్యస్థ సన్నంలోకి వస్తుంది. చూడండి, ఒకే గింజ మీద ఒకరు వంశవృక్షం గీస్తున్నారు, ఒకరు స్కేలు పెట్టి కొలుస్తున్నారు. ఈ మిల్లీమీటర్ల గీతకి ప్రకృతిలో ఏ ఆధారమూ లేదు, 5.9 గింజకీ 6.1 గింజకీ మధ్య ఏ అగాధమూ లేదు. అయినా కొనడానికి, అమ్మడానికి ఒక గీత కావాలి, అందరూ ఒప్పుకున్న గీత అయితే చాలు.

తెలుగు వాళ్ల కోసం భాషలోకి వస్తాను, ఇక్కడ నాకు కాస్త ఎక్కువసేపు ఆగాలని ఉంది. మద్రాసులో కంపెనీ అధికారిగా ఉన్న ఎల్లిస్ దొర 1816లో, క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన ముందుమాటలో, తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని, తమిళ కన్నడాలతో కలిపి వేరే కుటుంబమని చూపించాడు. ద్రావిడ భాషల మీద అందరూ చెప్పే కాల్డ్వెల్ పుస్తకం 1856లో, అంటే నలభై ఏళ్ల తర్వాత వచ్చింది. ఎల్లిస్ కాలానికి తెలుగు నిండా సంస్కృత పదాలే కదా, పోలికని బట్టి చూస్తే సంస్కృతం పక్కన పెట్టాలనిపిస్తుంది. ఆయన అరువు మాటలు పక్కకి తీసి, ధాతువులు చూశాడు. ఆ తర్వాత ఈ ఒంగోలులోనే 1928లో పుట్టిన భద్రిరాజు కృష్ణమూర్తిగారు ద్రావిడ భాషల లోపలి చుట్టరికాలు ఇంకా తవ్వి, తెలుగుని గోండి, కొండ, కుయి, కువి భాషలతో కలిపి దక్షిణ మధ్య శాఖలో పెట్టారు. తమిళమో కన్నడమో మనకి అక్క అనుకునేవాళ్లకి ఇది ఇప్పటికీ కొత్తగా ఉంటుంది, అడవుల్లో కొండల్లో మాట్లాడే భాషలు మన సొంత తోబుట్టువులు.

ఇది పుట్టుక లెక్క. పోలిక లెక్కలో తెలుగు, జపనీస్, టర్కిష్ ఒకే కోవ, మూడింట్లోనూ క్రియ వాక్యం చివర వస్తుంది, మూడింట్లోనూ ప్రత్యయాలు మాటకి వెనక వరసగా అతుక్కుంటాయి. గ్రీన్‌బర్గ్ అనే భాషాశాస్త్రవేత్త 1963లో ఇలాంటి పోలికల మీద చేసిన పని వల్ల ఒక గొప్ప సంగతి బయటపడింది. క్రియ చివర వచ్చే భాషల్లో విభక్తులు నామవాచకానికి వెనకే వస్తాయి, "ఇంట్లో", "ఇంటికి" అన్నట్టు, ఇది దాదాపు ప్రపంచమంతా నిలిచే సూత్రం. చుట్టరికం లేని భాషలు ఒకేలా ఎందుకు ప్రవర్తిస్తాయన్నది పోలిక వర్గీకరణ లేకపోతే అడగడానికే వీలుండని ప్రశ్న. కాబట్టి పుట్టుక అసలైనది, పోలిక పైపైది అని అనుకోకండి. ఎమెనో అనే ఇంకో భాషాశాస్త్రవేత్త 1956లో ఇంకో సంగతి చూపించాడు, మనదేశంలో వేరు వేరు కుటుంబాల భాషలు వేల ఏళ్లు పక్కపక్కన బతికి ఒకదాని లక్షణాలు ఒకటి తెచ్చుకున్నాయని. అంటే పుట్టుక, పోలిక, పొరుగు, ఈ మూడూ విడివిడిగా చూడాలి.

మాండలికాల మీద పనిచేసేవాళ్లు ఇక్కడ ఉంటే వాళ్లకొక హెచ్చరిక. తెలుగుని నాలుగు మాండలికాలుగా విడగొట్టినప్పుడు నెల్లూరుని రాయలసీమతో కలిపి దక్షిణ మాండలికంలో పెట్టారు, గుంటూరుని మధ్య మాండలికంలో పెట్టారు. మరి ప్రకాశం జిల్లా ఏమిటి? 1970లో నెల్లూరు, గుంటూరు, కర్నూలు మూడు జిల్లాల ముక్కలు కలిపి ఒంగోలు జిల్లా చేశారు, 1972లో ప్రకాశం అని పేరు పెట్టారు. ఆ 1970 నాటి హద్దులు పట్టుకుని "ప్రకాశం జిల్లా మాండలికం" అని థీసిస్‌కి పేరు పెట్టి, కందుకూరు మాటనీ గిద్దలూరు మాటనీ ఒంగోలు మాటనీ ఒక గంపలో పోసి సగటు తీస్తే వచ్చేది ఎవరూ మాట్లాడని భాష. నాకు ఇలాంటి పని చూస్తే నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే ఊరూరూ తిరిగి మాటలు ఏరుకొచ్చిన కష్టమంతా ఆ శీర్షిక దగ్గరే చెడిపోతోంది. ఒక్కో మాటకి ఒక్కో సరిహద్దు గీత ఉంటుంది, ఆ గీతలు ఒకదాని మీద ఒకటి పడవు, ఎక్కడ చాలా గీతలు దగ్గరగా వస్తాయో అక్కడ మాండలికం మారిందంటాం. ముందు గీతలు గీయండి, తర్వాత పేరు పెట్టండి.

ఇప్పుడు కొలత మీద గీత. ఈ జిల్లా వాళ్లకి ఫ్లోరైడ్ గురించి చెప్పక్కర్లేదు. ఒంట్లో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే జబ్బు ఫ్లోరోసిస్, భారతదేశంలో దాని గురించి మొదటగా వైద్య పత్రికలో వచ్చిన వ్యాసం 1937 నాటిది, షార్ట్, ఆయన సహచరులు రాసింది, పేరులోనే నెల్లూరు జిల్లా ఉంటుంది. అప్పటి నెల్లూరు జిల్లాలో ఉన్న పొదిలి, దర్శి, కనిగిరి 1970లో ఒంగోలు జిల్లాలోకి వచ్చాయి. పళ్ల మీద గారని అంచనా కట్టడానికి డీన్ అనే అమెరికన్ దంతవైద్యుడు ఒక సూచిక తయారుచేశాడు, 1942 రూపంలో ఆరు తరగతులు ఉంటాయి, మామూలు, అనుమానం, చాలా స్వల్పం, స్వల్పం, మధ్యస్థం, తీవ్రం. నోట్లో ఎక్కువగా దెబ్బతిన్న రెండు పళ్లని చూసి మార్కు వేస్తారు. నాకు అందులో బాగా నచ్చేది "అనుమానం" అన్న తరగతి. మామూలు అనలేం, జబ్బు అనీ అనలేం అని ఆయన ఒప్పుకుని దానికొక గడి ఇచ్చాడు, ఊరి సగటు కట్టేటప్పుడు దానికి అరమార్కు వేశాడు. మీ ప్రశ్నావళుల్లో ఈ గడి ఎందుకుండదు? అన్నీ కచ్చితంగా ఉన్నట్టు కనబడాలన్న టెన్షన్ తప్ప నాకు వేరే కారణం కనబడదు.

నీళ్లలో కూడా అంతే. లీటరుకి 1 మిల్లీగ్రాము దాకా మంచిది, వేరే నీళ్లు దొరక్కపోతే 1.5 దాకా సరే అని మన ప్రమాణం. 1.4 ఉన్న బోరు "సురక్షితం", 1.6 ఉన్న బోరు "అసురక్షితం" అని రంగులు వేసి మ్యాపు తయారుచేస్తారు. రోజంతా ఎండలో పొలం పనిచేసి అయిదారు లీటర్లు తాగే మనిషికి 1.4 నీళ్లయినా ఒంట్లోకి చేరే ఫ్లోరైడ్ ఎక్కువే, ఇంట్లో కూర్చుని రెండు లీటర్లు తాగే మనిషికి 1.6 నీళ్లతో చేరేది తక్కువే. ప్రభుత్వానికి ఎక్కడ ట్యాంకరు పంపాలో తేల్చుకోవడానికి గీత కావాలి, దాన్ని నేను తప్పుపట్టను. పరిశోధకుడికి మాత్రం గీత అవసరం లేదు, అసలు అంకె చేతిలో ఉంది కదా. అంకెని పారేసి రంగుని ఉంచుకోవడం ఎందుకు?

రకాలు ప్రకృతిలో ఉంటాయా, మనం పెడతామా అన్న తగాదా పాతదే. పురావస్తు శాస్త్రంలో 1953, 54లలో ఫోర్డ్, స్పాల్డింగ్ అనే ఇద్దరు దీని మీద గట్టిగా వాదించుకున్నారు. కుండపెంకుల్లో లక్షణాలు జట్లుజట్లుగా కలిసి వస్తాయి, గణితంతో వాటిని కనిపెట్టొచ్చు, కుమ్మరి మనసులో ఉన్న రకాలే అవి అని స్పాల్డింగ్. మార్పు ఊరి నుంచి ఊరికి, తరం నుంచి తరానికి మెల్లగా జరుగుతుంది, ఆ ప్రవాహాన్ని పురావస్తువాది తన కాలనిర్ణయం కోసం ముక్కలు చేస్తాడు అని ఫోర్డ్. ఎవరు గెలిచారంటే, ఏ మట్టి తవ్వుతున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. దీనికి పరీక్ష ఉంది. మీ కొలతలన్నీ ఒక గ్రాఫు మీద చుక్కలుగా పెట్టండి, గుంపులకి గుంపులకి మధ్య ఖాళీలు కనిపిస్తే స్పాల్డింగ్ మాట వినండి, ఖాళీల్లేకుండా ఒకే మేఘంలా పరుచుకుంటే ఫోర్డ్ మాట వినండి. ఈ చిన్న పని చేయకుండా సాఫ్ట్‌వేర్‌ని నాలుగు క్లస్టర్లు ఇవ్వమంటే అది నాలుగు ఇస్తుంది, ఆరు అడిగితే ఆరు ఇస్తుంది, గుంపులే లేని డేటా మీద కూడా ఇస్తుంది. దానికి కాదనడం తెలియదు. మనుషుల్ని పదహారు రకాల వ్యక్తిత్వాలుగా విడగొట్టే పరీక్షలు ఇప్పుడు కాలేజీల్లో కూడా పెడుతున్నారు. అందులో అంతర్ముఖుడు, బహిర్ముఖుడు అనే గీత పడేది సరిగ్గా ఎక్కువమంది ఉండే నడిమధ్యన. నెల తర్వాత అదే పరీక్ష రాస్తే గీతకి అవతలివైపు తేలేవాళ్లు చాలామంది ఉండటానికి కారణం అదే.

మనుషుల దగ్గరకి వచ్చాం కాబట్టి కావలి సంగతి చెప్పకుండా వెళ్లలేను. కొన్ని జాతులని మొత్తంగా నేరస్థులని జాబితాకెక్కించే క్రిమినల్ ట్రైబ్స్ చట్టం 1871లో ఉత్తరాదిన వచ్చింది, 1911 చట్టంతో మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వచ్చింది. ఎరుకల వాళ్లు అంతకుముందు కోస్తా నుంచి ఉప్పు లోపలి ఊళ్లకి మోసుకెళ్లి అమ్మి, ధాన్యం తెచ్చుకునే సంచార వ్యాపారులు. రైళ్లు వచ్చాయి, ఉప్పు మీద సర్కారు పట్టు బిగిసింది, ఆ వ్యాపారం చెడింది. స్థిరమైన ఊరూ, కళ్లకి కనిపించే వృత్తీ లేనివాళ్లని ఒక రకంగా లెక్కగట్టే గీత అప్పటికి సిద్ధంగా ఉంది, వీళ్లు దాని అవతల పడ్డారు. పుట్టిన పిల్లవాడు కూడా ఆ జాబితాలోనే. వేలిముద్రలు, హాజరు, ఊరు దాటాలంటే పాసు. కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ వాళ్లూ, స్టూవర్టుపురంలో సాల్వేషన్ ఆర్మీ వాళ్లూ సెటిల్‌మెంట్లు నడిపారు. దేశవ్యాప్తంగా ఆ చట్టం 1952లో రద్దయింది. రాయిని గాబ్రో అన్నా గ్రానైట్ అన్నా రాయి మారదు. మనిషిని నేరస్థుడి రకం అని రాస్తే పోలీసు రోజూ వాళ్ల గుమ్మం ముందుకే వస్తాడు, పని ఇచ్చేవాడు ఇవ్వడు, వాళ్ల మీద కేసులు పెరుగుతాయి, ఆ కేసుల లెక్క చూపించి వర్గీకరణ సరైనదే అంటారు. ఇయాన్ హ్యాకింగ్ అనే తత్వవేత్త దీని మీద చాలా ఏళ్లు ఆలోచించాడు, మనుషుల మీద వేసిన వర్గం మనుషుల్ని మారుస్తుంది, మారిన మనుషులు మళ్లీ ఆ వర్గాన్ని మారుస్తారు అని. సోషల్ వర్క్ వాళ్లు, ఎకనామిక్స్ వాళ్లు, మీ సర్వేలో "వెనకబడిన కుటుంబం", "సమస్యాత్మక గ్రామం" అని గడి పెట్టేముందు ఆ కాగితం రేపు ఎవరి టేబుల్ మీదకి వెళ్తుందో ఒక్కసారి అడగండి.

ఇక చేయాల్సిన పని గురించి, త్వరగా చెబుతాను. ఒక వస్తువుకి ఒకే గడి ఉండాలని లేదు. మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో రంగనాథన్ 1933లో తెచ్చిన కోలన్ పద్ధతిలో ఒక పుస్తకాన్ని దేని గురించి, ఏ పదార్థం, ఏ ప్రక్రియ, ఏ చోటు, ఏ కాలం అని విడివిడిగా గుర్తించి ఆ గుర్తుల్ని కలుపుతారు. ఒంగోలు గిత్త గురించిన మీ డేటాకి కూడా రంగు ఒక గడి, వంశం ఒక గడి, కొలతలు ఒక గడి, పెంచే ఊరు ఒక గడి ఇవ్వండి, ముందే అన్నీ కలిపి "మొదటి రకం, రెండో రకం" అనకండి. రెండో సంగతి, మీ రకాల నిర్వచనాలు కాగితం మీద రాసి, సంబంధం లేని ఇంకొకరికి ఇచ్చి, అదే డేటాని వాళ్లని విడగొట్టమనండి. ఇద్దరి మధ్య పొత్తు ఎంత కుదిరిందో కొలవడానికి కోహెన్ 1960లో ఇచ్చిన కప్పా లెక్క ఉంది, ఊరికే గుడ్డిగా వేసినా కుదిరే పొత్తుని అది తీసేసి చెబుతుంది. కప్పా తక్కువ వస్తే ఆ రెండో మనిషిని తప్పుపట్టకండి, నిర్వచనం తిరగరాయండి.

చివరిగా, ఏ రకంలోనూ ఇమడనివాటిని థీసిస్ నుంచి తీసేయకండి, అనుబంధంలో ఒక్కొక్కటీ రాయండి, ఎందుకు ఇమడలేదో కూడా రాయండి. మెండలీవ్ 1869లో వేసిన మూలకాల పట్టికని అందరూ మెచ్చుకునేది అందులోని ఖాళీల గురించి, 1875లో గాలియం, 1886లో జెర్మేనియం వచ్చి ఆ ఖాళీల్లో ఆయన చెప్పిన గుణాలతోనే కూర్చున్నాయి. తర్వాతి కథ తక్కువమంది చెబుతారు. 1894లో రాలే, రామ్సే ఆర్గాన్ కనిపెట్టారు, దానికి పట్టికలో చోటు లేదు. అది కొత్త మూలకం కాదేమో, మూడు నైట్రోజన్ పరమాణువులు కలిసిన రూపమేమోనని మెండలీవ్ కూడా అనుమానపడ్డాడు. ఆర్గాన్‌ని ఎవరూ చెత్తబుట్టలో వేయలేదు కాబట్టి, తర్వాతి నాలుగేళ్లలో హీలియం, నియాన్, క్రిప్టాన్, జెనాన్ కూడా దొరికాయి, పట్టికకి ఒక నిలువు వరస మొత్తం కొత్తగా చేర్చాల్సి వచ్చింది.

మీ డేటాలో ఎక్కడా ఇమడనివి ఏమున్నాయో ఇప్పుడు మీరు చెప్పండి, ముందు వరసలోంచి మొదలుపెడదాం.